మునిగితేనే విరాళం!

ఇస్త్రీ పెట్టె ఉంది. ఇస్త్రీ బల్ల ఉంది. నలిగిన చొక్కా ఉంది. అంతా సిద్ధం. కాకపోతే ఇస్త్రీ చేయాల్సింది ఇంట్లో కాదు... వణికించే చన్నీళ్ల అడుగున!

2009 జనవరిలో బ్రిటన్‌లోని చెప్‌స్టో పట్టణానికి దగ్గర్లో జరిగిందీ విడ్డూరం. అక్కడ నీళ్లు నిండిన ఓ పాత రాతిక్వారీ ఉంది. అప్పట్లో అది డైవర్లు సాధన చేసే చోటు. వీపున ఆక్సిజన్... కాదు కాదు, గాలి సిలిండర్ (స్కూబా సిలిండర్లో మామూలుగా ఉండేది మనం పీల్చే గాలే), చేతిలో ఇస్త్రీ పెట్టె పట్టుకుని వాళ్లంతా అందులోకి దిగారు. 86 మంది నీటి అడుగున బట్టలు ఇస్త్రీ చేసి రికార్డు కొట్టారు. అంతకుముందు ఏడాది, 72 మందితో ఆస్ట్రేలియా వాళ్లు పెట్టిన రికార్డు అది. దాన్ని లాక్కోవాలన్నది వీళ్ల పంతం. పెట్టెకి కరెంటు లేదు, బొగ్గుల్లేవు. చొక్కా మడత పోయిందా అని అడగొద్దు. అది వేరే సంగతి.

‘పనీపాటా లేదా వీళ్లకి?’ అనిపిస్తోందా! చాలామందికి అలాగే అనిపిస్తుంది. కానీ ఆ రోజు వాళ్లు మునిగింది ఊరికే కాదు. బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో ప్రమాదంలో చిక్కుకున్నవాళ్లని పడవలేసుకుని వెళ్లి కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థకి విరాళాలు పోగుచేయడానికి. 1824లో పుట్టిన సంస్థ అది. అర్ధరాత్రి ఫోన్ మోగితే తుపానులోకి పడవ తీసే సిబ్బందిలో ఎక్కువమంది జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలే. దాని ఖర్చుల్లో సింహభాగం జనం ఇచ్చే చందాలతోనే గడుస్తుంది. అలాంటి సంస్థ కోసం డబ్బా పట్టుకుని వీధిలో నిలబడితే పది మందిలో ఒకరు ఆగుతారేమో. అదే ‘రేపు నేను నీళ్లలో ఇస్త్రీ చేస్తున్నా, నా పేరు మీద ఎంతో కొంత రాయండి’ అంటే? నవ్వుతూ జేబులో చెయ్యి పెడతారు.

ఇక్కడే ఉంది కిటుకు. విరాళం ఇచ్చేది ఆట గొప్పగా ఆడారని కాదు. మనకి తెలిసిన మనిషి, మన పక్కింటాయనో మన ఆఫీసులో మేనేజరో, నలుగురి ముందూ నవ్వులపాలవడానికి సిద్ధపడ్డాడని!

బురదగుంటే మైదానం

ఈ కిటుకుని ఓ ఊరు ఊరంతా ఒంటబట్టించుకుంది. వేల్స్‌లోని లాన్‌ఉర్టిడ్ వెల్స్. పేరు పలకడానికే నాలుక మడతపడుతుంది. జనాభా వెయ్యి లోపే. బ్రిటన్‌లోకెల్లా చిన్న పట్టణం మాదేనని చెప్పుకొంటుంది. ఒకప్పుడు అక్కడి గంధకపు నీటి ఊటల కోసం జనం వచ్చేవారు. తర్వాత ఆ రాక తగ్గింది. ఊళ్లోకి మళ్లీ మనుషుల్ని రప్పించాలంటే ఏం చేయాలి?

అక్కడి న్యూఆడ్ ఆర్మ్స్ అనే హోటల్ యజమాని గోర్డన్ గ్రీన్‌కి ఇలాంటి ఆలోచనలు వచ్చేది బార్‌లో కబుర్ల మధ్యే. కొండల్లో దూరం పరిగెత్తితే మనిషి గెలుస్తాడా, గుర్రం గెలుస్తుందా అని ఎవరో వాదించుకుంటుంటే విని, 1980లో నిజంగానే మనిషికీ గుర్రానికీ పందెం పెట్టేశాడు. పాతికేళ్లదాకా మనిషి ఒక్కసారీ గెలవలేదు. 2004లో హ్యూ లాబ్ అనే పరుగువీరుడు గుర్రాన్ని ఓడించి, ఏళ్ల తరబడి పేరుకుపోయిన 25 వేల పౌండ్ల బహుమతి సొమ్ము పట్టుకెళ్లాడు.

అదే బార్ కబుర్లలో 1976లో పుట్టిన ఇంకో ఆలోచన... బురదగుంటలో ఈత. 1985 నుంచి ప్రపంచ పోటీలే జరుగుతున్నాయి. ఊరి పక్కన చిత్తడి నేల ఉంది. ఆకూ అలమూ సగం కుళ్లి, వందల ఏళ్లుగా పేరుకుపోయిన పీట్ నేల. అందులో 60 గజాల కాలువ తవ్వారు. నీళ్లు చిక్కటి కాఫీ రంగులో ఉంటాయి. పోటీదారు కళ్లకు మాస్క్, నోట్లో గాలిగొట్టం, కాళ్లకు రబ్బరు రెక్కలు... అదే, ఫిన్లు, తగిలించుకుని మొహం నీళ్లలో పెట్టి అటు చివరికీ, మళ్లీ ఇటు చివరికీ రావాలి. మొత్తం 120 గజాలు. మామూలు ఈతలా చేతులు బారచాపి కొట్టకూడదు. కాళ్ల బలమే ఆధారం. దారి తెలీక ఎటో పోతుంటే మాత్రం ఒకసారి తలెత్తి చూసుకోవచ్చు.

2018లో నీల్ రటర్ అనే అతను దీన్ని 1 నిమిషం 18.81 సెకన్లలో ఈది రికార్డు నెలకొల్పాడు. కానీ అంత వేగంగా ఈదేవాళ్లు ఎందరుంటారు! మిగతావాళ్లంతా వేషగాళ్లే. సొరచేపలా ఒకరు, పెళ్లికూతురిలా ఒకరు, పువ్వులా ఇంకొకరు. వేషాలకీ వేరేగా బహుమతులుంటాయి. గట్టు మీద నిలబడ్డ జనం కేకలు పెట్టేది ఆ రికార్డు వీరుడి కన్నా, సగం దూరంలో ఆగిపోయి, నోట్లోంచి బురద ఊస్తూ, ఒళ్లంతా ఆకులతో పైకి లేచే మనిషిని చూసినప్పుడే. పోటీల మీద వచ్చే సొమ్ము స్థానిక సేవా సంస్థలకి వెళుతుంది. ఆ రోజు ఊళ్లో గదులూ భోజనాలూ అమ్ముడుపోతాయి. కొవిడ్‌తో ఆగిన పోటీలు మళ్లీ మొదలైనప్పుడు జనం దూరాభారం చూడకుండా వచ్చారంటే, ఆ బురదకి ఉన్న గిరాకీ అర్థం చేసుకోవచ్చు.

ఇందులో నాకు ముచ్చటేసేదేమిటంటే, ఆ ఊరు తనకి లేని దానికోసం ఏడవలేదు. స్టేడియం లేదు, సముద్రం లేదు, పెద్ద ఈతకొలనూ లేదు. ఉన్నది బురదగుంట. సరే, అదే మైదానం అనుకుంది.

కబడ్డీకి దూరపు చుట్టం

నీటి అడుగు ఆటలన్నీ ఇలా వేషాలే అనుకుంటే పొరపాటు. కొన్నింటికి కట్టుదిట్టమైన నిబంధనలున్నాయి. వాటిలో పేరున్నది ఆక్టోపుష్. నీటి అడుగున హాకీ అన్నమాట. 1954లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌత్‌సీలో అలన్ బ్లేక్ అనే డైవింగ్ క్లబ్ నిర్వాహకుడు కనిపెట్టాడు. కారణం భలే సాదాసీదాది. చలికాలంలో సముద్రంలో దిగలేరు. నాలుగు నెలలు ఖాళీగా కూర్చుంటే సభ్యులు క్లబ్‌కి రావడం మానేస్తారు. వాళ్లని నిలబెట్టుకోవాలంటే ఈతకొలనులో ఏదో ఒక ఆట కావాలి. మొదట్లో జట్టుకి ఎనిమిది మంది. అందుకే ఆక్టోపస్ గుర్తొచ్చే ఆ పేరు. ఇప్పుడు నీళ్లలో ఉండేది ఆరుగురే. పొట్టి కర్రతో, కిలో పైచిలుకు బరువుండే సీసపు బిళ్లని కొలను అడుగున తోసుకుంటూ పోయి గోల్ చేయాలి. సిలిండర్లుండవు. ఉన్నదల్లా గుండెల నిండా పీల్చుకున్న ఊపిరి.

మన కబడ్డీలో కూతకెళ్లినవాడి ఊపిరి అయిపోతే ఆట ముగిసినట్టే కదా! ఇదీ అంతే. బిళ్ల ఎంత ముద్దొస్తున్నా ఊపిరి అయిపోతే వదిలేసి పైకి రావాల్సిందే. ఆ క్షణానికి మీ జట్టువాడు పక్కన లేకపోతే బిళ్ల అవతలి జట్టుది. అందుకే ఇందులో ఒంటరి వీరులు నెగ్గరు. ఒకడు పైకి తేలేసరికి ఇంకొకడు మునగాలి. 1980లో కెనడాలోని వాంకూవర్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి.

ఇలాంటివే మరికొన్ని. 1960లలో జర్మనీలో మొదలైన నీటి అడుగు రగ్బీలో బంతిని గాలితో కాకుండా ఉప్పునీటితో నింపుతారు, తేలకుండా మునగడానికి. లండన్‌లో ఈటాన్ ఇల్‌ఫెల్డ్ అనే ఆయన 2013 నుంచి నీళ్లలో చదరంగం పోటీలు పెట్టిస్తున్నాడు. అయస్కాంతాలున్న పావులు, కొలను అడుగున బల్ల. మీ వంతు వస్తే ఊపిరి బిగపట్టి మునిగి, ఎత్తు వేసి, అప్పుడే పైకి రావాలి. ఎత్తు తోచలేదంటే... ఊపిరే గడియారం!

ఇన్ని ఉన్నా ఈ ఆటలకి ప్రేక్షకులు తక్కువ. తప్పు ఆటది కాదు. గట్టు మీద కూర్చున్నవాళ్లకి కనిపించేది కాళ్ల రెక్కలు, బుడగలు, అప్పుడప్పుడూ ఒక తల. గోల్ పడిందో లేదో కూడా తెలీదు. పెద్ద పోటీల్లో నీళ్లలో కెమెరాలు పెట్టి, గట్టున తెర మీద చూపిస్తారు. సేవ కోసం పెట్టే చిన్న టోర్నమెంటుకి అంత ఖర్చు ఎక్కడ పెడతాం! అందుకే టికెట్లు అమ్మి డబ్బు చేద్దామనే లెక్క నీటి అడుగు ఆటలకి నప్పదు.

మరేది నప్పుతుంది? దానికి లాయిడ్ స్కాట్‌ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

12 రోజులు సరస్సు అడుగున

స్కాట్ బ్రిటన్‌లో అగ్నిమాపక ఉద్యోగి. ఫుట్‌బాల్ గోల్‌కీపర్ కూడా. 1980లలో మంటల్లో చిక్కుకున్న పిల్లల్ని బయటికి తెచ్చే ప్రయత్నంలో పొగ పీల్చి ఆసుపత్రి పాలయ్యాడు. అక్కడ చేసిన రక్తపరీక్షల్లో బయటపడింది... లుకేమియా. రక్త క్యాన్సర్. ఎముకమజ్జ మార్పిడితో బతికి బట్టకట్టాడు. ఆ తర్వాత అదే జబ్బుతో పోరాడేవాళ్ల కోసం డబ్బు కూడబెట్టడమే వ్యాపకంగా పెట్టుకున్నాడు.

2002 లండన్ మారథాన్‌లో పాతకాలపు సముద్ర డైవర్ సూటు వేసుకుని దిగాడు. రాగి శిరస్త్రాణం, సీసపు బూట్లు... అన్నీ కలిపి 50 కిలోలకు పైమాటే. అందరూ కొన్ని గంటల్లో పూర్తిచేసే 42 కిలోమీటర్లు నడవడానికి అతనికి 5 రోజుల 8 గంటలు పట్టింది. లండన్ మారథాన్ చరిత్రలో అంత నెమ్మదిగా పూర్తిచేసినవాళ్లు అప్పటికి లేరు. మరుసటి ఏడాది, 2003లో, ఆ సూటుకి తగిన చోటుకే వెళ్లాడు. రాకాసి ఉందని కథలు చెప్పుకొనే స్కాట్లండ్‌లోని లాక్‌నెస్ సరస్సులోకి! దాని అడుగున రోజుకి ఇంత చొప్పున 12 రోజులు నడిచి మారథాన్ దూరం పూర్తిచేశాడు. లుకేమియా పిల్లల కోసం.

చూసేవాళ్లకి అక్కడ ఏం కనిపించి ఉంటుంది? నీళ్లు. అంతే! అయినా జనం విరాళాలిచ్చారు. ఎందుకంటే వాళ్లు కొనుక్కుంది టికెట్టు కాదు. ఒక మనిషి కష్టానికీ అతను చెప్పే కారణానికీ తమవంతు వాటా.

బ్రిటన్‌లో దీనికో పద్ధతి స్థిరపడింది. పోటీలో దిగే ప్రతివాళ్లూ ఓ కాగితం పట్టుకుని బంధువులు, ఇరుగుపొరుగు, ఆఫీసు వాళ్ల దగ్గరికి వెళతారు. ‘నేను ఈ పని పూర్తిచేస్తే మీరెంతిస్తారు?’ అని రాయించుకుంటారు. పూర్తిచేశాక వసూలు. ఇప్పుడు కాగితం బదులు ఫోన్‌లోనే నడిచిపోతోందనుకోండి. పన్ను కట్టేవాళ్లు ఇచ్చిన ప్రతి పౌండుకీ సేవా సంస్థ ప్రభుత్వం నుంచి మరో 25 పెన్స్ రాబట్టుకునే ఏర్పాటూ అక్కడుంది.

మన దగ్గర పెడితే...

నీటి అడుగు ఆటలు మనకి కొత్తేమీ కాదు. నడుముకి జీలుగు బెండ్లో ఎండిన సొరబుర్రో కట్టుకుని ఊరి బావిలో ఈత నేర్చుకున్న తరం ఇంకా ఉంది. అందులో మునిగి అడుగు నుంచి గుప్పెడు మట్టి తెచ్చి చూపించడం, గవ్వో నాణెమో విసిరి ఎవరు ముందు తెస్తారో చూడటం... ఏ క్లబ్బూ నేర్పని పోటీలవి. ఇప్పుడు బావులు పూడిపోయాయి కానీ, అపార్ట్‌మెంట్లలో ఈతకొలనులొచ్చాయి. విశాఖలో రుషికొండ తీరాన స్కూబా డైవింగ్ చేయించేవాళ్లూ ఉన్నారు. కాలనీ సంఘమో, కాలేజీ పూర్వ విద్యార్థులో, ఆఫీసు మిత్రులో తలచుకుంటే ఓ ఆదివారం ఇలాంటి పండగ చేయడం కష్టమేం కాదు.

ముందుగా డబ్బు లెక్క. 40 మంది పోటీదారులు, తలా 500 రూపాయల రుసుము అనుకుందాం. వచ్చేది 20 వేలు. కొలను అద్దె, లైఫ్‌గార్డులకి ఇచ్చేది, ఫ్లెక్సీ, టిఫిన్లు, టీషర్టులు పోతే మిగిలేదేమిటి? పెద్ద సున్నా. చాలా సేవా కార్యక్రమాలు ఇక్కడే బోల్తాపడతాయి. అదే 40 మందిలో ఒక్కొక్కరూ 20 మంది దగ్గర వంద చొప్పున రాయించుకొస్తే? 80 వేలు. ఖర్చుల్ని రుసుములోంచి పెట్టుకుని, ఈ 80 వేలూ పైసా ముట్టకుండా ఇచ్చేయొచ్చు. ‘మీరిచ్చిన వంద వందా అక్కడికే వెళుతుంది’ అని ధైర్యంగా చెప్పగలిగితే అడగడానికి మొహమాటం ఉండదు. టీషర్టులు మాత్రం వద్దు. పాతిక మందికి సరిపోని సైజులు, యాభై మందికి నచ్చని రంగు... ఆ డబ్బుతో ఇంకో లైఫ్‌గార్డుని పెట్టుకోవడం నయం.

తర్వాత ఆటలు. గజ ఈతగాళ్లకి మాత్రమే పనికొచ్చేవి పెడితే ఎప్పుడూ గెలిచే నలుగురే గెలుస్తారు. మిగతావాళ్లు రారు. వాళ్ల వెనకున్న ఇరవై మంది దాతలూ రారు. అందుకని నైపుణ్యానికి గండికొట్టే ఆటలే మేలు. ఛాతీ లోతు నీళ్లలో అడుగున స్టీలు గ్లాసులు పరిచి, ఒక్కో మునకకి ఒక్కోటే తీసి గట్టున పేర్చడం. అడుగున గళ్లు గీసిన రబ్బరు పట్ట వేసి, రెండు జట్లూ బరువైన బిళ్లలతో ‘సున్నా-ఇంటూ’ ఆడటం. మునిగి చేతులతో ఏదో సినిమా పేరు అభినయిస్తే జట్టువాళ్లు మాస్కుల్లోంచి చూసి చెప్పడం. మేనేజర్ గారిది ఒక జట్టు, ఆయన దగ్గర పనిచేసేవాళ్లది ఒక జట్టయితే చందాలు వాటంతటవే వస్తాయి.

‘మనమూ ఇస్త్రీ పోటీ పెడదాం, చొక్కా బదులు చీరతో!’ అని ఎవరైనా ఉత్సాహపడతారు. వినడానికి బాగుంటుంది కానీ, ఆ ఒక్కటీ వద్దనే అంటాను. ఆరు గజాల గుడ్డ నీళ్లలో విచ్చుకుంటే కాళ్లకీ చేతులకీ చుట్టుకుంటుంది. తువ్వాలుతో సరిపెట్టుకోండి. పంచెలు, ఓణీలు, పొడుగాటి వేషాలు కూడా గట్టు మీద ఊరేగింపుకే.

ఊపిరి మీద పందెం

ఆటల జాబితా రాసేటప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట: ‘ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో చూద్దాం.’ అన్నిటికంటే తేలికైన పోటీ. సామాను అక్కర్లేదు, చేతిగడియారం చాలు. అన్నిటికంటే ప్రమాదకరమైనదీ అదే.

మనకి ఊపిరాడటం లేదని ఒంటికి తెలిసేది ప్రధానంగా ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం వల్ల. ‘ఇక చాలు, పైకి పో’ అని గుండెల్లో కలిగే ఆ తహతహ దాని పనే. మునిగేముందు గబగబా పదిసార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలితే ఎక్కువసేపు ఉండొచ్చని చాలామంది నమ్మకం. ఉండగలరు కూడా. అదే చిక్కు! అలా చేస్తే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. అలారం ఆలస్యంగా మోగుతుంది. అది మోగేలోపే ఆక్సిజన్ అయిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. కేక ఉండదు, కొట్టుకోవడం ఉండదు. గట్టున ఉన్నవాళ్లు ‘అబ్బ, ఎంతసేపున్నాడో!’ అని చప్పట్లు కొడుతూ ఉంటారు. బాగా ఈతొచ్చిన కుర్రాళ్లే ఇలా పోతారు. నడుం లోతు నీళ్లలో కూడా.

అందువల్ల సమయాన్ని కొలిచే పోటీ ఏదీ ఉండకూడదు. చేసిన పనిని కొలిచేవే ఉండాలి. ఎన్ని గ్లాసులు, ఎన్ని గళ్లు... అలాగన్నమాట. ఒక మునకకి ఒకటే గ్లాసు అన్న నిబంధన అందుకే. ఆడేవాళ్లు ఇద్దరిద్దరు జంటలుగా ఉండాలి. ఒకరు మునిగితే ఒకరు పైనుండి చూడాలి, ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. లైఫ్‌గార్డుకి స్కోరు రాసే పని, ఫొటోలు తీసే పని అప్పగించొద్దు. ఆయన కళ్లు నీళ్ల మీదే ఉండాలి. జలుబు చేసినవాళ్లు, చెవిపోటు ఉన్నవాళ్లు గట్టున ఉండి చందాలు వసూలు చేస్తే చాలు. రెండు మీటర్లు దిగినా చెవుల మీద ఒత్తిడి తెలుస్తుంది. మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవాళ్ల సంగతి డాక్టరే చెప్పాలి.

ఇంకోటి. స్కూబా సిలిండర్లు దొరికాయి కదా అని అవీ ఇవీ కలిపేయొద్దు. ఒట్టి ఊపిరితో ఆడే ఆటలో ఊపిరి బిగపట్టాలి. సిలిండర్ గాలి పీల్చేవాడు ఎప్పుడూ బిగపట్టకూడదు. లోతులో ఒత్తిడి మీద పీల్చిన గాలి, పైకి వస్తుంటే ఉబ్బుతుంది. బయటికి వదలకపోతే ఊపిరితిత్తులు చిరుగుతాయి. రెండింటి సూత్రాలూ పూర్తిగా ఎదురెదురు. ఉదయం ఒకటి నేర్పి మధ్యాహ్నం ఇంకోటి ఆడిస్తే కంగారులో ఏది గుర్తుంటుందో చెప్పలేం. చెప్‌స్టోలో ఇస్త్రీ చేసిన 86 మందీ మొదటిసారి నీళ్లలో దిగినవాళ్లు కాదు, డైవర్లు.

సరే, వచ్చిన డబ్బు?

ఎవరికివ్వాలన్నది నిర్వాహకుల ఇష్టం. అనాథాశ్రమం కావచ్చు, కంటి ఆసుపత్రి కావచ్చు. నన్నడిగితే నీళ్లలో ఆడి సంపాదించింది నీళ్ల మీదే ఖర్చుపెట్టమంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు దాదాపు 3 లక్షలు. వాళ్లలో నాలుగోవంతు మంది అయిదేళ్లు నిండని పసివాళ్లు. మన దేశంలోనైతే ఏటా 30 వేలకు పైగా ఇలాంటి మరణాలు పోలీసు లెక్కలకెక్కుతున్నాయి. వేసవి సెలవుల్లో జిల్లా పేజీ తిరగేస్తే చాలు. చెరువుకి వెళ్లిన అన్నదమ్ములు, కాలువలో జారిన చెల్లెలు, కాపాడబోయిన మేనమామ...

నివారణకి పెద్ద పెద్ద యంత్రాలు అక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో పసిపిల్లలు మునిగిపోయేది ఎక్కువగా ఇంటి పక్క గుంటల్లోనే. అదీ ఉదయం పూట, అమ్మ వంటలోనో పొలం పనిలోనో ఉన్నప్పుడు. ఆ నాలుగు గంటలూ పిల్లల్ని ఓ చోట కూర్చోబెట్టి చూసుకునేందుకు ఊళ్లలో ‘ఆంచల్’ పేరుతో శిశుసంరక్షణ కేంద్రాలు పెట్టారు. వాటికి వెళ్లే పిల్లల్లో మునిగిపోయే ప్రమాదం 80 శాతానికి పైగా తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. ఒక గది, ఒక గేటు, ఒక ఆయా... అంతే!

విచిత్రమేమిటంటే, బంగ్లాదేశ్‌లో ఇలాంటి కేంద్రాలకి సాయం చేసినవాళ్లలో మొదట్లో చెప్పుకొన్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ కూడా ఉంది. ‘మా చందాలు మన తీరానికి కాకుండా ఎక్కడో విదేశీ పిల్లలకా?’ అని 2019లో అక్కడి కొన్ని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. విదేశాల్లో పెడుతున్నది మొత్తం ఖర్చులో 2 శాతమేనని సంస్థ వివరణ ఇచ్చుకుంది. కొందరు దాతలు మానేశారు. ఆ సంగతి విని కొత్తగా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మనకి ఇందులో పనికొచ్చేది ఒకటుంది. డబ్బు ఎక్కడికి వెళుతుందో రాయించుకునే రోజునే చెప్పేయాలి. ఊరి పేరుతో సహా. ‘పేద పిల్లల సంక్షేమం’ అని గాలికి రాస్తే తర్వాత ఎవరికి నచ్చినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు.

మన కాలనీ టోర్నమెంటు 80 వేలతో ఏం చేయొచ్చు? బడిపిల్లలకి ఈత, నీటి జాగ్రత్తలు నేర్పే శిక్షకుడికి వేసవిలో జీతం ఇవ్వొచ్చు. అంగన్‌వాడీ పక్కనున్న గుంటకి కంచె వేయించొచ్చు. చెరువు గట్టున పొడుగాటి వెదురు గెడ, తాడు కట్టిన ట్యూబు పెట్టించొచ్చు. మునిగేవాడి కోసం దూకినవాడూ మునిగిపోయిన సంఘటనలెన్నో. గెడ అందిస్తే గట్టున నిలబడే లాగొచ్చు. పని అయ్యాక ఆ కంచె ఫొటో, పక్కనే జమాఖర్చుల కాగితం, చందా ఇచ్చిన ప్రతి ఒక్కరి ఫోన్‌కీ చేరాలి. మరుసటి ఏడాది మళ్లీ అడగడానికి వెళ్లేది వాళ్ల దగ్గరికే మరి.

తేదీ కోసం వెతుక్కునేవాళ్లకి ఓ మాట. నీటి ప్రమాదాల నివారణ కోసం ఐక్యరాజ్యసమితి 2021లో ఓ రోజు కేటాయించింది... జులై 25. 2027లో అది ఆదివారమే వస్తోంది. వానాకాలం కాబట్టి పైకప్పున్న కొలను చూసుకోండి.